తేదీలు తారుమారు: 05/08 కాస్తా మే 8 అవుతోంది

ప్రశ్న (గుంటూరు):
మిర్చి ధరలు చూపించే పేజీ, పీహెచ్‌పీ (వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష)లో రాసింది. ఫారంలో గుమాస్తా 05/08/2024 అని కొడితే పేజీలో 08-05-2024 వస్తోంది. 13/08 కొడితే ఏకంగా 01-01-1970. తెల్లవారుజామున ఎక్కించిన ధరలకు 'అప్‌డేట్ అయిన తేదీ' ముందు రోజుది పడుతోంది. నెల పేరు తెలుగులో కావాలి. టెంప్లేట్‌లో ఫార్మాట్ ఎంత మార్చినా అంతే. ఎక్కడ చూడాలండీ?

జవాబు (విజయవాడ):
టెంప్లేట్‌ని వదిలేయండి, తేడా ఫారం దగ్గరే ఉంది. స్ట్ర్‌టూటైమ్‌కి (కొట్టిన తేదీని చదివే పీహెచ్‌పీ ఫంక్షన్) స్లాష్ కనిపిస్తే అమెరికా పద్ధతి, అంటే ముందు నెల. హైఫన్ ఉంటే మన పద్ధతి. 13వ నెల లేదు కాబట్టి 'ఫాల్స్' ఇస్తుంది, దాన్ని డేట్ ఫంక్షన్ (తేదీని చూపించేది) సున్నాగా తీసుకుని, కాలం లెక్క మొదలయ్యే 1970 జనవరి 1కి పోతుంది.

మనం చెప్పిన వరుసలోనే తేదీని చదివే క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ వాడండి. ఫార్మాట్ ఇలా: ముందు ఆశ్చర్యార్థకం, తర్వాత చిన్న డి, స్లాష్, చిన్న ఎమ్, స్లాష్, పెద్ద వై. ఆశ్చర్యార్థకం లేకపోతే ఇప్పటి గంటా నిమిషం వచ్చి అతుక్కుంటాయి, రెండు తేదీలు పోల్చేటప్పుడు తిప్పలు. 31/02 ఇచ్చినా నోరెత్తకుండా మార్చిలోకి జరిపేస్తుంది, కాబట్టి తప్పుల జాబితా ఇచ్చే గెట్‌లాస్ట్‌ఎర్రర్స్‌లో వార్నింగ్ ఉందేమో చూసి తిప్పికొట్టండి.

మరో జవాబు:
ముందు రోజు పడటం టైమ్‌జోన్ వల్ల. డేటాబేస్‌లో యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మన ఉదయం 5:00 అక్కడ ముందు రోజు రాత్రి 11:30. చూపించేటప్పుడు ఏషియా/కోల్‌కతాకి మార్చండి. ఫారంలో కొట్టే ధర తేదీని మాత్రం ముట్టుకోవద్దు. దానికి గంటలతో పని లేదు, ఉత్త డేట్ కాలమ్‌లో ఉంచండి.

తెలుగు నెలకు డేట్ ఫంక్షన్ పనికిరాదు, ఎప్పుడూ ఇంగ్లీషే ఇస్తుంది. ఇంటల్ ఎక్స్‌టెన్షన్ (వేర్వేరు భాషల కోసం పీహెచ్‌పీకి తగిలించే భాగం) ఆన్ చేసి, అందులోని ఇంటల్‌డేట్‌ఫార్మాటర్‌లో టీఈ_ఐఎన్ (భారత్‌లోని తెలుగుకు గుర్తు) పెట్టండి. అక్షరాలు జాగ్రత్త: ఇక్కడ నెలకు పెద్ద ఎమ్ నాలుగు, చిన్న ఎమ్ అంటే నిమిషాలు. సంవత్సరానికి చిన్న వై. డేట్ ఫంక్షన్ అలవాటులో పెద్ద వై కొట్టారో, అది వారాల లెక్క సంవత్సరం, అంటే జనవరి 1 ఉన్న వారమంతా కొత్త ఏడాది కిందికే వస్తుంది: 2024 డిసెంబరు 31 కాస్తా 2025 డిసెంబరు 31గా కనిపిస్తుంది. ఏడాదంతా బాగానే ఉండి చివరి వారంలోనే బయటపడుతుంది, అందుకే దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పటికే ఎక్కిన వరుసల సంగతి?

జవాబు (విజయవాడ):
ముందు బ్యాకప్ తీయండి. స్లాష్‌తో వచ్చి డేటాబేస్‌లో తారుమారై పడ్డవాటిలో రోజు 12 దాటదు (అది అసలు నెల కదా), వాటికి రోజూ నెలా తారుమారు చేస్తే సరి. రోజు 12 దాటిన వరుస కనిపించిందంటే ఎవరో హైఫన్‌తో కొట్టారని అర్థం. అలాంటివి కలిసి ఉంటే అన్నిటినీ ఒక్క క్వెరీతో తిప్పకండి, ఎక్కించిన సమయం పక్కన పెట్టి పోల్చండి. 1970వి కూడా ఆ సమయాన్ని చూసి చేత్తో దిద్దాల్సిందే.