సబ్జెక్ట్: నాలుగు యాప్‌లు, నలుగురు నేనులు. కొత్తగా వచ్చాను, సలహా చెప్పండి

కొత్త సభ్యుడు రాసింది:

అందరికీ నమస్కారం. దేశం దాటి వచ్చి నాలుగు నెలలైంది. ఇల్లు, బ్యాంకు అకౌంటు, లైసెన్సు లాంటివన్నీ ఈ ఫోరంలోని పాత ఉత్తరాలు చదివే సర్దుకున్నాను. ఇప్పుడు అడిగేది కాస్త వింతగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

లింక్డ్‌ఇన్‌లో నేను మహా ఉత్సాహవంతుణ్ణి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే నా జీవితంలో శని, ఆదివారాలు తప్ప వేరే రోజులే లేవు. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో వేళకు తిని వేళకు పడుకునే బుద్ధిమంతుణ్ణి. రెడిట్‌లో మాత్రం పేరు లేని అకౌంట్ ఒకటుంది. రాత్రి రెండింటికి నిద్ర పట్టనప్పుడు ఏడుపంతా అక్కడ రాసుకుంటాను.

పోయిన వారం మూడు జరిగాయి. మా మేనేజర్ ఆవిడ ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టారు. నా స్టేటస్‌లో ఒక ఫొటో చూసి బాబాయి ఇంటికి ఫోన్ చేసి, "వాడికేం, దర్జాగా తిరుగుతున్నాడు" అన్నాడట. నా రూమ్మేట్‌కి ఆ రెడిట్ అకౌంట్ సంగతి తెలిసిపోయిందేమో అని అనుమానం. వీళ్లంతా ఒక గదిలో కూర్చుని నా గురించి మాట్లాడుకుంటే ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో వాళ్లకే అర్థం కాదు. నేను మోసం చేస్తున్నట్టా? అన్నీ తీసేసి ఒక్కటే ఉంచుకోమంటారా? నిజంగా టెన్షన్‌గా ఉంది.

పన్నెండేళ్లుగా బయట ఉంటున్న అక్క రాసింది:

తమ్ముడూ, ముందు ఆ మోసం అనే మాట పక్కన పెట్టు. ఆఫీసులో మాట్లాడినట్టు అమ్మతో మాట్లాడం, అమ్మతో మాట్లాడినట్టు స్నేహితులతో మాట్లాడం. ఫోన్లు లేని రోజుల్లోనూ అంతే. కాకపోతే అప్పుడు గది మారితే మాట ఆ గదిలోనే ఉండిపోయేది. ఇప్పుడు తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి. ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ట్విటర్ వాడేవాళ్ల గురించి రాస్తూ దీన్ని 'కాంటెక్స్ట్ కొలాప్స్' అన్నారు. విడివిడిగా ఉండాల్సిన శ్రోతలంతా ఒకే చోట కూర్చుని మన మాట వినడమన్నమాట. నీకు పోయిన వారం జరిగింది అదే. అందరికీ జరుగుతుంది, బయటి దేశం వచ్చినవాళ్లకి ఇంకాస్త గట్టిగా తగులుతుంది. మనకి శ్రోతలు రెండింతలు కదా.

నా సంగతి చెప్తాను. వచ్చిన కొత్తలో తెలుగులో రాస్తే మధ్యలో గోడ ఉన్నట్టే అనుకునేదాన్ని. ఆఫీసులో ఎవరు ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టినా సరే అనేదాన్ని, వాళ్లకేం అర్థమవుతుందిలే అని. ఒక గురువారం విసుగొచ్చి "మా లీడ్ పొద్దుట్నుంచీ నా బుర్ర తింటున్నాడు" అని రాసి పడుకున్నా. మర్నాడు కాఫీ మెషిన్ దగ్గర నిలబడి ఉంటే పక్క టీమ్ అతను వచ్చాడు. పాపం మంచివాడే. చాలా బాధగా మొహం పెట్టి, గొంతు తగ్గించి, "నువ్వు బాగానే ఉన్నావా? ఎవరో నీ మెదడు తింటున్నారని రాశావు" అన్నాడు. పోస్టు కింద అనువాదం అని ఉంటుందే, అది నొక్కాడు. మా లీడ్ అతని వెనకే ఉన్నాడు, కప్పు చేతిలో పట్టుకుని. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కాఫీ మెషిన్ ఒక్కటే చప్పుడు చేస్తూ ఉంది.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లోనే వచ్చింది. అప్పటి అనువాదాలు నవ్వు తెప్పించేవి, ఇప్పటివి అంత తప్పుగా కూడా ఉండవు. కాబట్టి భాషని తాళంగా నమ్ముకోకు.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. ఒక చోట చెప్పింది ఇంకో చోటికి కారిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు. అది జరిగిన రోజున నాకు సిగ్గుగా ఉంటే పర్వాలేదు, అబద్ధం దొరికిపోకూడదు. నిద్ర పట్టట్లేదని ఫ్యామిలీ గ్రూపులో చెప్పకపోవడం దాచుకోవడం. రాని ప్రమోషన్ వచ్చిందని చెప్పడం అబద్ధం. మొదటిది ఎంతైనా చేసుకో. రెండోది ఎక్కడా చెయ్యకు, పేరు లేని అకౌంట్లో కూడా.

ఇక మేనేజర్ రిక్వెస్ట్. నేనైతే ఒప్పుకోను. అలా వదిలేసి మొహం చాటెయ్యను కూడా. అదే రోజు లింక్డ్‌ఇన్‌లో నేనే రిక్వెస్ట్ పెట్టి, "ఫేస్‌బుక్ ఇంటివాళ్ల కోసం ఉంచుకున్నానండీ, ఇక్కడ కలుద్దాం" అని ఒక్క వాక్యం రాస్తాను. ఎవరూ తప్పు పట్టరు, చాలామంది హమ్మయ్య అనుకుంటారు. మరీ మొహమాటం అనిపిస్తే ఒప్పుకుని రిస్ట్రిక్టెడ్ లిస్టులో వెయ్యి. నువ్వు పబ్లిక్‌గా పెట్టినవీ, ఆవిణ్ణి ట్యాగ్ చేసినవీ మాత్రమే కనిపిస్తాయి, అందులో వేసినట్టు ఆవిడకి నోటిఫికేషన్ ఏదీ వెళ్లదు.

బాబాయి సంగతి కష్టం. వాట్సాప్ స్టేటస్‌కి ఎవరెవరు చూడాలో, ఎవరు చూడకూడదో ఎంచుకునే సెట్టింగ్ ఉంది. అది మార్చాక పెట్టేవాటికే పనిచేస్తుంది, అప్పటికే పెట్టినవాటికి కాదు, అది గుర్తుపెట్టుకో. కానీ బాబాయికి కనిపించకుండా చేస్తే పిన్నికి కనిపిస్తుంది, పిన్ని బాబాయికి చూపిస్తుంది. సెట్టింగులతో అయ్యే పని కాదు. నువ్వు పెడుతున్నవన్నీ ఎండ కాసిన రోజువే అయితే, అక్కడ రోజూ ఎండే అనుకుంటారు. వాళ్ల తప్పేముంది? కడగని గిన్నెల ఫొటో కూడా ఒకటి పంపు. గ్రూపుకి వద్దు, అమ్మకి.

హైరింగ్ పనిలో ఉన్న అన్న రాసింది:

అక్క చెప్పినదాంతో నూటికి తొంభై పాళ్లు ఏకీభవిస్తాను. మిగతా పది పాళ్లు నా ఉద్యోగం వల్ల వచ్చినవి.

లింక్డ్‌ఇన్‌లో గొప్పలు చెప్పుకుంటే మేం పట్టించుకోం. ఆ రాతలు చదవడం అలవాటైపోయింది, 'మహదానందంతో తెలియజేస్తున్నాను' అన్న ముక్క కనిపిస్తే చూపు దానంతటదే కింది లైనుకి దిగిపోతుంది. మేం చూసేది తేదీలు. రెజ్యూమేలో మార్చిలో మానేసి, ప్రొఫైల్లో జూన్ దాకా పనిచేసినట్టు ఉంటే అక్కడ ఆగుతాం. హోదా పేరు ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి ఉన్నా అంతే. నీ పేరు స్పెల్లింగ్ కూడా పాస్‌పోర్టులో, రెజ్యూమేలో, ప్రొఫైల్లో మూడు రకాలుగా ఉందేమో ఈ రాత్రే చూసుకో. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాడికి నీ ముద్దు పేరుతో పనిలేదు. (పేరు అందరూ ఖూనీ చేస్తున్నారని బాధపడేవాళ్ల కోసం ఒక మాట: లింక్డ్‌ఇన్‌లో మన పేరు మనమే పలికి 10 సెకన్లలో రికార్డు చేసి పెట్టుకునే వీలు 2020 నుంచి ఉంది. ఫోన్ యాప్‌లోంచి పెట్టాలి.)

రెడిట్ గురించి. పేరు లేకపోతే దొరకమని అనుకుంటాం. లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో ఒక లెక్క తేల్చింది. పోస్టల్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న ఈ మూడూ తెలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే అవకాశం ఉందని. నువ్వు నీ పోస్టుల్లో వచ్చిన నెల, చేసే పని, రూమ్మేట్ గురక, ఈ మూడూ రాసి ఉంటే ఆ రూమ్మేట్‌కి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఒకసారి వెనక్కి వెళ్లి నీ పోస్టులు నువ్వే పరాయివాడిలా చదువు. ఏది చూసి నిన్ను పట్టుకోవచ్చో అదే తీసెయ్యి, అన్నీ తీసెయ్యకు.

పైగా ఎక్కువసార్లు మనల్ని పట్టిచ్చేది మనం రాసింది కాదు, ఫోన్లో కాంటాక్ట్స్. యాప్ పెట్టుకోగానే "మీ కాంటాక్ట్స్ చూడనివ్వండి" అని అడుగుతుంది, తొందరలో సరే నొక్కుతాం. నువ్వు నొక్కకపోయినా నీ నంబరు ఉన్న ఇంకొకడు నొక్కితే వాడికి నిన్ను చూపించొచ్చు. అందుకే రహస్యంగా ఉండాల్సిన అకౌంట్‌కి ఫోన్ నంబరు ఇవ్వకు, వేరే ఈమెయిల్ వాడు, ఇంకెక్కడా వాడని యూజర్ నేమ్ పెట్టు, లింక్డ్‌ఇన్ ఫొటో అక్కడ పెట్టకు. ఫొటోతో ఫొటోని వెతకడం ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా వచ్చు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికా వీసా దరఖాస్తులో 2019 నుంచి గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా యూజర్ నేమ్‌లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకి అప్లై చేసేవాళ్లు ప్రొఫైల్స్ పబ్లిక్‌గా పెట్టాలన్నారు. నువ్వు ఏ దేశంలో ఉన్నావో రాయలేదు. అక్కడికి వెళ్లే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా, నీ అకౌంట్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. ఆ ఫారంలో అడిగినదానికి తప్పు చెప్పడం వీసాకి ముప్పు. అక్క చెప్పిన 'దాచుకోవడం వేరు' అన్న సూత్రం అక్కడ పనికిరాదు.

ఇంకో సభ్యుడు రాసింది:

ఇంత తతంగం ఎందుకండీ? నాకు ఒక్కటే అకౌంటు, ఒక్కటే మొహం. ఎవరికి నచ్చితే వాళ్లు ఉంటారు. ఇరవై ఏళ్లుగా హాయిగా ఉన్నాను.

అక్క మళ్లీ రాసింది:

మీరు హాయిగా ఉన్నందుకు సంతోషం అన్నగారూ, వెటకారం కాదు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత అలా ఉండటం వేరు, నాలుగో నెలలో వేరు. ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జకర్‌బర్గ్ కూడా ఒకప్పుడు మీలాగే మాట్లాడాడు, రెండు ముఖాలుంటే నిజాయితీ లోపించినట్టేనని. కంపెనీ తనదే అయిన మనిషికి మేనేజర్ ఏం చూస్తాడో అన్న భయం ఎందుకుంటుంది? ఉద్యోగమూ, వీసా కాగితాలూ ఇంకొకరి చేతిలో ఉన్నవాడికి ఒక్క మొహంతో తిరగమని చెప్పడం నాకు మనసొప్పదు.

తమ్ముడూ, ఇంకోవైపు కూడా మరీ పోకు. 2011లో గూగుల్ ప్లస్ అని ఒకటి వచ్చింది, గుర్తుందో లేదో. మనుషుల్ని సర్కిల్స్‌గా విడదీసి ఎవరికి ఏది చూపించాలో ప్రతిసారీ ఎంచుకునే ఏర్పాటు. చూడ్డానికి అచ్చం నీ సమస్యకి మందులా ఉంటుంది. నేను ఒక ఆదివారం సాయంత్రమంతా కూర్చుని పదకొండు సర్కిల్స్ చేశాను. 'ఆఫీసు, మంచివాళ్లు' అని ఒకటి, 'ఆఫీసు, మిగతావాళ్లు' అని ఒకటి. ఎవరైనా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారితే మళ్లీ సర్దాలి. మూడో వారానికి విసుగొచ్చి రాయడమే మానేశాను. అది కూడా 2019లో మూతపడింది. నీ నాలుగు యాప్‌లే నీకు నాలుగు గదులు, అవి చాలు. ఒక్కో దాంట్లోనూ మళ్లీ గదులు కట్టకు. గడియలు వెయ్యడంతోనే రోజు గడిచిపోతుంది.

ఒకటి అడగనా? ఆ నాలుగింటిలో నువ్వు బాగాలేవని తెలిసినది ఒక్కటే, అక్కడ నీ పేరు ఎవరికీ తెలియదు. పేరు తెలిసినవాళ్లలో ఒక్కరికైనా ఆ సంగతి తెలియాలి. గ్రూపుకి కాదు, ఒక్కరికి. నాకు రాసినా సరే.

కొత్త సభ్యుడు, తొమ్మిది రోజుల తర్వాత:

అందరికీ థాంక్స్. ఇక్కడిదాకా ఏమైందో చెప్తాను.

మేనేజర్‌కి అక్క చెప్పిన వాక్యమే కాస్త అటూ ఇటూ మార్చి రాశాను. పంపే ముందు అరగంట చూస్తూ కూర్చున్నా. ఆవిడ అయిదు నిమిషాల్లో జవాబిచ్చారు. కొత్త ఫోన్ కొన్నారట, ఏదో సరే నొక్కితే కాంటాక్ట్స్ అందరివీ వరసగా వచ్చాయట, తెలియకుండా నలభై మందికి రిక్వెస్టులు వెళ్లిపోయాయట. తన పళ్ల డాక్టరుకి కూడా.

రెడిట్ పోస్టులు పరాయివాడిలా చదివాను. గురక గురించి రాయలేదు కానీ, అన్న అన్నట్టు నన్ను పట్టిచ్చేవి ఆరు దొరికాయి, తీసేశాను. రూమ్మేట్ సంగతి ఇంకా తేలలేదు. నిన్న మాత్రం అడక్కుండానే నా వంతు గిన్నెలు కడిగేశాడు. దానికి ఏమని అర్థం చెప్పుకోవాలో తెలియట్లేదు.

ఇన్‌స్టాగ్రామ్ అలాగే ఉంది, శని, ఆదివారాలతో సహా.

మొన్న రాత్రి అమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టాను, రెండు నెలలుగా సరిగ్గా నిద్ర పట్టట్లేదని. వెంటనే ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది, తనకీ పట్టట్లేదట, నేను వచ్చేసినప్పటి నుంచీ. ఇన్నాళ్లూ గ్రూపులో పొద్దున్నే ఆ పూలబొమ్మల గుడ్ మార్నింగులు పెడుతున్నది అమ్మే. ఫోన్ పెట్టేసే ముందు అంది, "ఇదంతా గ్రూపులో రాయకు నాన్నా, మీ పిన్ని కంగారు పడుతుంది."