క్టెసిబియస్ నీటి గడియారంలో ధార మారకుండా ఎలా ఉండేది?

ప్రశ్న:
ప్రాచీన ఏథెన్స్ న్యాయస్థానాలలో వాదించేవారికి గడువు కొలవడానికి అడుగున రంధ్రమున్న మట్టి పాత్రను వాడేవారని చదివాను. పాత్ర నిండుగా ఉన్నప్పుడు నీరు ఉరవడిగా కారుతుంది, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. ఒక్క ప్రసంగానికి అది సరిపోతుంది గాని, రోజంతా గంటలు చూపడానికి పనికిరాదు కదా. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో పనిచేసిన క్టెసిబియస్ ఈ లోపాన్ని ఎలా సరిదిద్దాడు? అతని యంత్రాలన్నీ నీటి బలంతోనే నడిచేవా?

జవాబు 1:
మీరు పట్టుకున్న లోపమే ఇక్కడ అసలు విషయం. రంధ్రంలోంచి వెలువడే నీటి వేగం పైనున్న నీటి ఎత్తుకు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక, ఎత్తు నాలుగో వంతుకు తగ్గితే వేగం సగమవుతుంది. క్టెసిబియస్ రచనలు మిగలలేదు; చరిత్రకారులు పునర్నిర్మించిన రూపం ప్రకారం, నీరు ముందుగా ఒక తొట్టిలోకి ఎడతెగకుండా వస్తుంది, ఎక్కువైనది పైఅంచు దగ్గరి గొట్టం గుండా పొర్లిపోతుంది. అందువల్ల తొట్టిలో మట్టం మారదు, అడుగు రంధ్రం నుంచి పడే ధారా మారదు. ఆ ధార రెండో పాత్రను నింపుతుంటే, అందులో తేలే బెండు ఒకే వేగంతో పైకి లేచి, సూచికను గంటల గీతల వెంట నడుపుతుంది. ఆ రంధ్రాన్ని బంగారంలోనో రత్నంలోనో తొలిచేవాడని, అవి నీటి ఒరిపిడికి అరగవనీ మురికితో పూడుకుపోవనీ రోమన్ రచయిత విట్రూవియస్ రాశాడు. రంధ్రం కాస్త అరిగినా కాలం లెక్క తప్పుతుందని ఆ రోజుల్లోనే గ్రహించడం నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది.

జవాబు 2:
ధార స్థిరపడ్డాక మరో చిక్కు వచ్చింది. ఏ ఋతువులోనైనా పగటిని 12 గంటలుగా పంచడం అప్పటి వాడుక కాబట్టి, వేసవి గంట పొడవుగానూ శీతాకాలపు గంట పొట్టిగానూ ఉండేవి. విట్రూవియస్ చెప్పిన ఒక పద్ధతిలో, స్తంభం మీద నెలల వారీగా ఎడం మారే గంటల గీతలు గీసి, కాలాన్ని బట్టి దాన్ని తిప్పేవారు.

జవాబు 3:
రెండో ప్రశ్నకు: అన్నీ కాదు. క్టెసిబియస్ కనిపెట్టిన జలవాద్యంలో (గొట్టాల్లోకి గాలి ఊది మోగించే వాద్యంలో) గాలిని తోసేది మనిషి చేతితో ఆడించే పంపు. నీటిలో బోర్లించిన పాత్రలోకి ఆ గాలి చేరినప్పుడు పక్కకు తొలగిన నీరు ఆ గాలిపై బరువు మోపుతుంది, దాంతో పంపు ఆగిన క్షణంలోనూ గొట్టాలకు గాలి ఒత్తిడి తగ్గదు. రెండు సిలిండర్లతో నీటిని పైకి చిమ్మే అతని పంపు కూడా మనిషి బలంతో నడిచేదే. ప్రవాహమే పని చేసే యంత్రం కావాలంటే, విట్రూవియస్ వర్ణించిన పిండిమరను చూడాలి: ఏటి నీరు నిలువు చక్రాన్ని తిప్పితే, దాని ఇరుసుకున్న పళ్ళచక్రం అడ్డంగా అమర్చిన మరో పళ్ళచక్రాన్నీ, దానితో పాటు తిరుగలి రాతినీ తిప్పుతుంది.