నాపాకి ఒక్కరోజు బస్సు టూర్: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

గోంగూర_ఫ్రీమాంట్:
వచ్చే నెల అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. నాన్న అప్పుడప్పుడూ ఒక పెగ్గు వేసుకుంటారు. అమ్మ శుద్ధ శాకాహారి, మందు వాసనే పడదు. కానీ తోటలు, కొండలు అంటే ఇష్టం. శాన్‌ఫ్రాన్సిస్కోలో పొద్దున ఎక్కించుకుని సాయంత్రానికి దింపేసే నాపా, సోనోమా వైన్ తోటల బస్సు టూర్లు కనిపిస్తున్నాయి. ‘గంటన్నర దూరానికి టూర్ ఎందుకు, కారులో పోదాం’ అంటున్నారు మా ఆయన. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సన్నీవేల్_సత్తిబాబు:
కారులో వెళ్తే మీ ఆయన ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. దానికి ఒప్పుకుంటారేమో ముందు కనుక్కోండి 😀

ఇక్కడ బండి నడిపేవాళ్లకి రక్తంలో మద్యం పరిమితి 0.08 శాతం. వైన్ రుచి చూసే టేస్టింగే కదా అనుకుంటాం. ఒక్కోచోట నాలుగైదు రకాలు పోస్తారు, మూడు వైనరీలు తిరిగేసరికి ఎంత లోపలికి పోయిందో మనకే తెలియదు. పైగా డీయూఐలో (తాగి బండి నడిపిన కేసులో) అరెస్టయితే కేసు తేలకముందే వీసా రద్దు చేయొచ్చు, 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ అవసరమా? తెరిచిన సీసా మిగిలితే సీటు దగ్గర పెట్టుకోకండి, డిక్కీలో పెట్టండి.

డబ్లిన్_వదిన:
మేము అత్తగారిని బస్సులోనే తీసుకెళ్లాం. బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: టికెట్టులో టేస్టింగ్ ఫీజు కలిసి ఉందా, లేదా? టికెట్టు చవగ్గా కనిపించి అక్కడికెళ్లాక ఒక్కోచోట 40, 50 డాలర్లు కట్టమంటారు. మాకు అదే జరిగింది. అత్తగారు తాగరు కదా, ఆవిడకెందుకు కట్టాలని మొదటి వైనరీ కౌంటర్ దగ్గరే వాదన మొదలైంది.

పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గర ఉంచుకోండి. 21 నిండాయని చూపించాలి, జుట్టు నెరిసినవాళ్లని కూడా అడిగేవాళ్లున్నారు. ఫోన్లో ఫొటో చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకోరు.

లంచ్ డబ్బా ఇచ్చే టూర్ అయితే వెజ్ అని ముందే రాయించండి. వెజ్ అంటే చీజు, టమాటా పెట్టిన చల్లటి శాండ్‌విచ్ వస్తుంది, అంతే. చాలా వైనరీల్లో బయటి తిండి తేనివ్వరు. మేము పులిహోర పట్టుకెళ్లి బస్సు ఆగిన చోట గట్టు మీద కూర్చుని తిన్నాం.

కాకినాడ_కుర్రాడు:
పక్కా శాకాహారులకి ఒక మాట. ఎర్ర వైన్‌లో వగరు తగ్గించడానికి గుడ్డులో తెల్లసొన వాడే పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. తెల్ల వైన్ తేటపడటానికి చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడేవాళ్లూ ఉన్నారు. అడుక్కి దిగాక వడగట్టేస్తారు, లేబుల్ మీద రాయరు. బెంటొనైట్ అనే బంకమట్టితో చేసేవాళ్లూ, అసలేమీ వేయనివాళ్లూ ఉన్నారు. కౌంటర్లో అడిగితే దాచకుండా చెప్తారు.

డబ్లిన్_వదిన:
@కాకినాడ_కుర్రాడు ఇది మా మావగారికి చెప్పను. ఆయన ఇష్టంగా తాగుతున్నారు, తాగనివ్వండి.

కీసర_టు_శానోజే:
మీ నాన్నగారికి వ్యవసాయం తెలిస్తే వైన్ సంగతి పక్కన పెట్టి తోటలోకి తీసుకెళ్లే టూర్ చూడండి. మా నాన్నకి కీసర దగ్గర ద్రాక్షతోట ఉండేది. అనాబ్-ఎ-షాహీ, తర్వాత కొంత తాంసన్. ఇప్పుడు అక్కడ వెంచర్ వేశారు, అది వేరే కథ.

ఇక్కడ తోట చూడగానే ఆయన అడిగిన మొదటి మాట ‘పందిరేదిరా?’ మన దగ్గర తీగ తలకెత్తున పందిరి మీద పాకుతుంది, కింద నీడలో నడుస్తాం. ఇక్కడ నడుము ఎత్తులో తీగలు లాగి, వరసలుగా కట్టేశారు. మేము వెళ్లింది ఆగస్టు మొదట్లో. కాయ రంగు తిరుగుతోంది. కొన్ని వరసల కింద పచ్చి గుత్తులు కోసి పడేసి ఉన్నాయి. నాన్న వంగి ఒక గుత్తి చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసి, ‘తెగులేం లేదు కదా, ఎందుకు కోశారు?’ అని గైడుని అడగమన్నారు. చెట్టుకి గుత్తులు తగ్గిస్తే మిగిలినవాటికి రుచి చిక్కబడుతుందట, అందుకే కావాలనే రాలుస్తారని అతను చెప్పాడు. టన్నులెక్కన అమ్మిన మనిషికి అది మింగుడు పడలేదు. దారంతా గొణుగుతూనే ఉన్నారు.

గైడు ఒక కాబర్నే రకం కాయ తెంపి ఇచ్చాడు. శనగగింజ కన్నా కాస్త పెద్దది. తోలు మందం, లోపల గింజలు. అప్పటికింకా పుల్లగానే ఉంది. కోతకి తీపి కొలత 24, 25 బ్రిక్స్ వచ్చేదాకా ఆగుతారట. తాంసన్‌కి 18 వస్తే చాలు మనకి.

నాన్నకీ గైడుకీ బాగా కుదిరింది కత్తిరింపు దగ్గర. మన దగ్గర ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొట్టాలి. ఇక్కడ చలికి ఆకు రాలి తీగ నిద్రపోతుంది కాబట్టి చలికాలంలో ఒక్కసారే. 1980లలో వేళ్లని తినే ఫైలోక్సెరా పురుగు వచ్చి, ఏఎక్స్‌ఆర్1 అనే వేరు మీద అంటు కట్టిన తోటలన్నీ పీకి మళ్లీ వేశారని గైడు చెప్తుంటే, ‘అంటు వేరు తప్పు ఎంచుకుంటే అంతే’ అన్నారు నాన్న, పాత పరిచయస్థుడితో మాట్లాడినట్టు. మధ్యలో అనువాదం చేస్తూ నా గొంతు ఎండిపోయింది. నేను వైన్ రుచి చూసిందే తక్కువ.

శాన్‌రామన్_రాజు:
నా ఓటు బస్సుకి కాదు. పెద్ద బస్సులో వెళ్తే గైడు 1976లో పారిస్ పోటీలో నాపా వైన్లు ఫ్రెంచి వాళ్లని ఓడించిన కథ మైకులో చెప్తాడు, అందరూ చప్పట్లు కొడతారు, మూడో వైనరీకి వచ్చేసరికి సగం మంది నిద్ర. దిగమంటే దిగరు. నలుగురైదుగురు ఉంటే మీ కారే నడిపే డ్రైవరుని గంటలెక్కన మాట్లాడుకోండి. పెద్దవాళ్లకి బాత్రూమ్ కావాలంటే ఎక్కడైనా ఆపొచ్చు. రెండు వైనరీలు చాలు. కాస్టెల్లో డి అమొరోసా కోటలా ఉంటుంది, తాగనివాళ్లకి కూడా చూడటానికి బాగుంటుంది. వీ. సట్టూయ్‌లో చెట్ల కింద బల్లలున్నాయి, లోపలి కొట్లో తిండి కొనుక్కోవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల రిజర్వేషన్ లేకుండా వెళ్తే కూర్చోనివ్వరు, ముందే చేసుకోండి.

సన్నీవేల్_సత్తిబాబు:
@శాన్‌రామన్_రాజు డ్రైవరుకి ఇచ్చేది, టిప్పు కలిపితే బస్సు టికెట్లకి ఎంత తేడా వస్తుందో కూడా రాయండి సారూ.

శాన్‌రామన్_రాజు:
ఇద్దరే అయితే బస్సే నయం, ఒప్పుకుంటా. ఐదుగురైతే మాత్రం పెద్ద తేడా లేదు.

గోంగూర_ఫ్రీమాంట్:
అందరికీ థాంక్స్. మేము ఐదుగురం, కాబట్టి డ్రైవరు వైపే మొగ్గుతున్నాం. రెండు డౌట్లు. వచ్చే నెలంటే ఫిబ్రవరి, తోటలన్నీ మోడులుగా ఉంటాయేమో? నాన్న ఇండియాకి రెండు సీసాలు పట్టుకెళ్తానంటున్నారు, ఫర్వాలేదా?

డబ్లిన్_వదిన:
తీగలకి ఆకు ఉండదు, కానీ ఫిబ్రవరిలో వరసల మధ్య ఆవాలు పూసి లోయంతా పసుపుపచ్చగా ఉంటుంది. అమ్మగారికి అదే నచ్చుతుంది చూడండి. రద్దీ కూడా తక్కువ. పొద్దున పొగమంచు, చలి. శాలువా, స్వెటర్ కారులో పడేయండి.

కాకినాడ_కుర్రాడు:
మనిషికి రెండు లీటర్ల దాకా ఇండియాలో డ్యూటీ లేదు, అంటే మామూలు సైజు సీసాలు రెండు దర్జాగా వెళ్తాయి. చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. చీరల మధ్య చుట్టి పెట్టమంటారు అమ్మలు, పగిలితే చీరలు గోవిందా. వైనరీలోనే గాలి నింపే ప్లాస్టిక్ సంచులు అమ్ముతారు, అవి తీసుకోండి.

శాన్‌రామన్_రాజు:
శనివారం వద్దు, వారం మధ్యలో సెలవు పెట్టుకోగలిగితే పెట్టండి. మూడున్నరకల్లా అక్కడ బయల్దేరండి. అది దాటితే వల్లేహో దగ్గర 80 ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.