ఆయుధాలు ఒకరి దగ్గరే కొనాలా, నాలుగు గుమ్మాలు తిరగాలా?

గోదారిగట్టు:
2018 అక్టోబరులో రష్యాతో ఎస్-400 (శత్రు విమానాలను, క్షిపణులను గాల్లోనే కూల్చే వ్యవస్థ) ఒప్పందం చేసుకున్నాం. ఐదు స్క్వాడ్రన్లు, దాదాపు 543 కోట్ల డాలర్లు. రష్యా ఆయుధాలు కొనేవాళ్ల కోసం చేసిన కాట్సా చట్టం కింద ఆంక్షలు పెడతామని అమెరికా ఎంత ఉరిమినా మనవాళ్లు తగ్గలేదు. అదే సరుకు కొన్నందుకు టర్కీని 2019లో తమ ఎఫ్-35 యుద్ధవిమానాల కార్యక్రమం నుంచి గెంటేశారు, 2020 డిసెంబరులో ఆంక్షలూ వేశారు. మనమీద వేయలేదు. ఆపరేషన్ సిందూర్‌లో ఆ ఎస్-400లే అక్కరకొచ్చాయి. 1971 నుంచి నిలబడ్డ రష్యా ఉండగా అమెరికా, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ గుమ్మాలు ఎక్కడం ఎందుకు? చెప్పండి.

డల్లాస్ బాబాయ్:
నిలబడింది సరే తమ్ముడూ, బిల్లు చూశావా? రష్యా విమానవాహక నౌక గోర్ష్‌కోవ్‌ను (ఇప్పటి విక్రమాదిత్య) 2004లో 97 కోట్ల డాలర్లకు మాట్లాడుకున్నాం. మధ్యలో అది 235 కోట్లకు ఎక్కింది, చేతికొచ్చింది 2013 నవంబరులో. నౌకను విప్పేసి వాళ్ల యార్డులో పెట్టుకున్నాక ఇంక బేరమేం ఆడతాం? ఎస్-400 చివరి రెండింటికీ ఉక్రెయిన్ యుద్ధంతో గడువు దాటిపోయింది. కావాలని చేశారని నేననను. వాళ్లింట్లో నిప్పంటుకుంటే మన వంతు వెనక్కే. ఊరికే కాదు, సిప్రి (ఆయుధాల అమ్మకాలు లెక్కగట్టే స్వీడన్ సంస్థ) లెక్కల్లో మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010-14లో 72 శాతం ఉండేది, 2020-24లో 36కి దిగింది.

గోదారిగట్టు:
మరి మీ అమెరికా? మన తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానాల కోసం 2021లో 99 అమెరికా ఎఫ్-404 ఇంజన్లకు ఆర్డరిస్తే మొదటిది 2025 మార్చిలో వచ్చింది. విమానాల బాడీలు రెడీ, ఇంజన్ లేదు! 1998 పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత తేజస్ ఫ్లైట్ కంట్రోల్ (విమానాన్ని అదుపులో ఉంచే వ్యవస్థ) మీద అక్కడ పనిచేస్తున్న మన ఇంజనీర్లను పెట్టే బేడా సర్దించి పంపేసింది ఎవరు బాబాయ్?

డల్లాస్ బాబాయ్:
నిజమే, కాదనను. మనవాళ్లు వచ్చి బెంగళూరులో సొంతంగా చేసుకుని 2001 జనవరిలో ఎగరేశారు. నేననేది అదే, ఏ ఒక్కరినీ పట్టుకుని వేలాడొద్దు.

వైజాగ్ డాల్ఫిన్ నోస్:
ఇద్దరూ కొనుగోలు రోజు గురించే మాట్లాడుతున్నారు. ఏనుగును కొనడం కాదండీ, మేపడం చూడండి. రష్యన్ జలాంతర్గామి సింధుకీర్తిని 2006లో మా హిందుస్థాన్ షిప్‌యార్డులో రీఫిట్‌కి (పూర్తి మరమ్మతుకి) ఎక్కించారు. దిగింది 2015లో! మా యార్డు తప్పూ ఉంది, దాచేదేముంది. అలాగని నాలుగు గుమ్మాలూ చవక కాదు. వాయుసేనలో సుఖోయ్, మిగ్-29, మిరాజ్, జాగ్వార్, రఫేల్, తేజస్. ఒకదాని స్పేర్ ఇంకోదానికి పట్టదు, మెకానిక్‌కి శిక్షణ వేరు, గోడౌన్ వేరు. బాబాయ్ లెక్కలో ఆ ఖర్చు ఎక్కడ?

బాలానగర్ లేత్:
అన్నా, నేను చిన్న మెషినింగ్ షాపు నడుపుతా, 22 ఏండ్లు అయితుంది. ఆదిబట్లలో అమెరికా అపాచీ హెలికాప్టర్ బాడీలు చేస్తున్నరు, వాళ్ల సి-130జె రవాణా విమానం తోక భాగాలు చేస్తున్నరు. మంచిదే, మా పోరగాళ్లకు పని దొరికింది. కానీ మా తీరు షాపులకు వచ్చే పని ఎట్లుంటదో చెప్తా. డ్రాయింగ్ అట్నుంచే వస్తది. మెటల్ ఎవరి దగ్గర కొనాల్నో వాళ్లే చెప్తరు. ఒక రంధ్రం అర మిల్లీమీటరు జరపాలన్నా అట్నుంచి మెయిల్ రావాలె. ఒకసారి ఆ మెయిల్ కోసం పదకొండు రోజులు మెషిన్ బంద్ పెట్టి కూర్చున్న, ఈఎంఐ మాత్రం ఆగలే.

ఆకాశ్ క్షిపణి చూడున్రి. ఇక్కడి డీఆర్‌డీఎల్ (రక్షణ పరిశోధన ల్యాబ్) డిజైన్, ఇక్కడి బీడీఎల్ (సర్కారు క్షిపణుల ఫ్యాక్టరీ) తయారీ. మార్చుకున్నం, ఆర్మేనియాకు అమ్ముకున్నం. బ్రహ్మోస్ క్షిపణి కంపెనీల మన వాటా 50.5 శాతం, రష్యాది 49.5. ఫిలిప్పీన్స్‌కు 2022లో 37.5 కోట్ల డాలర్లకు అమ్మినమంటే ఒప్పందం మొదట్లనే సగం మనం పట్టుకున్నందుకే. ఎవని దగ్గర కొన్నరని కాదు, డ్రాయింగ్ మీద పెన్ను పెట్టే హక్కు ఎవని దగ్గర ఉన్నది? ఆ లైను కాంట్రాక్టుల ఉంటే రష్యా అయినా సరే, ఫ్రాన్స్ అయినా సరే.

గోదారిగట్టు:
డ్రాయింగ్ ఉంటే సరిపోతుందా అన్నా? తేజస్ కోసమని చేసిన కావేరీ ఇంజన్ డ్రాయింగ్ మనదే. 1989లో మొదలెట్టి, కావలసిన థ్రస్ట్ (విమానాన్ని నెట్టే బలం) రాక 2008లో తేజస్ నుంచి తప్పించారు.

బాలానగర్ లేత్:
తప్పించినంక దాన్ని గాల్లో పరీక్షించింది యాడనో తెల్సా? 2010ల, మాస్కో దగ్గర, వాళ్ల ఇల్యూషిన్-76 రెక్క కింద కట్టి. ఇంజన్ మనది, మోసే విమానం వాళ్లది. అసువంటి టెస్ట్ విమానం మనకు లేకపాయె. కొత్త ఫైటర్ దిగితే టీవీల లైవ్ వస్తది, టెస్ట్ బెడ్ కడితే ఎవడన్నా చూస్తడా?

గోదారిగట్టు:
ఈ ముక్కకు మాత్రం మీ పక్కనే. కానీ ఆ టెస్ట్ బెడ్ కట్టి, ఇంజన్ నిలబడేదాకా సరిహద్దు కాసేది ఎస్-400లే. ఆ మాట వెనక్కి తీసుకోను.

వైజాగ్ డాల్ఫిన్ నోస్:
కాయనివ్వండి. వాటి స్పేర్లకూ రిపేర్లకూ కాంట్రాక్టులో ఏం రాసుకున్నారో ముందు అడగండి.