వేసవి సెలవుల్లో నవల, వంట, కవిత్వం: మూడూ ఒకే రోజులో పడతాయా?

ఖమ్మం మాస్టారు:
అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇన్నాళ్ళూ కథలే రాశాను, ఈ సెలవుల్లో నవల మొదలుపెట్టాలని ఉంది. జూన్ 12న బడి తెరిస్తే ఇక తీరిక దొరకదు. మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం, ఆమెకి సెలవుల్లేవు కాబట్టి వంట నాది. ఇష్టంగానే చేస్తాను గానీ పప్పు పొయ్యి మీద పెట్టి రాయడానికి కూర్చుంటే రెండూ చెడుతున్నాయి. మధ్యాహ్నం ఎండకి బుర్ర పనిచేయదు, అప్పుడు కవిత్వం చదువుతాను. ఒక మిత్రుడేమో నవల రాసేటప్పుడు కవిత్వం ముట్టుకోవద్దు, వచనం పాడవుతుంది అంటాడు. నిజమేనా? వేసవిలో రాసే అలవాటున్నవాళ్ళు రోజు ఎలా నడుపుతారో చెప్పండి.

మెట్లనీడ:
మాస్టారూ, నేను నవలలు రాసేదే వేసవిలో. మాది అమలాపురం దగ్గర పల్లె. వంట నాదే, ఎవరికీ ఇచ్చే ఉద్దేశమూ లేదు.

ముందు పొద్దుటి సంగతి తేల్చుకోండి. నవలకి అసలు శత్రువు టిఫిను. ఇడ్లీలు వేసి, చట్నీ రుబ్బి, గిన్నెలు కడిగేసరికి చల్లటి పూట కాస్తా అయిపోతుంది. ఎండలు ముదిరాయంటే మా ఇంట్లో తరవాణి కుండ పెడతాను. గంజి పోసి, దబ్బాకులు వేసి, రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే తెల్లారేసరికి పుల్లగా ఊరి ఉంటుంది. పక్కన ఉల్లిపాయ, నిరుటి మాగాయ. ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళు వడ్డించుకుంటారు. నేను నాలుగింటికి లేచి ఎనిమిది దాకా రాస్తాను, తరవాతే పొయ్యి వెలిగించడం. మామిడికాయ పప్పు, ఒక వేపుడు, అంతే. పొయ్యి మీద ఏదైనా ఉండగా మాత్రం రాయకండి. ఆ పేజీలో పాత్రలన్నీ తొందర తొందరగా మాట్లాడేస్తాయి.

అలాగని వంటింట్లో నవల ఆగిపోతుందనుకోకండి. నాకు సంభాషణలు తట్టేది కూరలు తరిగేటప్పుడే. ఇద్దరి మాటలూ నేనే పైకి అనుకుంటూ తరుగుతాను. కొత్తలో మా అత్తగారు హడలిపోయారు.

ఆవకాయ రోజులు మాత్రం పూర్తిగా వదులుకోండి. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ బజారుకి వచ్చాక కూడా కాగితాలు పట్టుకు కూర్చోవడం మూర్ఖత్వం. టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడవాలి. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు మా ఇంటి కొలత. నువ్వుల నూనెకి లెక్కలేదు. మూడోరోజు తిరగకలిపి ఉప్పు చూశాక మళ్ళీ కలం పట్టండి. రాసేవాళ్ళకి అనువైన పచ్చడి మాగాయ. ఉప్పూ పసుపూ వేసిన ముక్కల్ని మూడోరోజు పిండి ఎండబెడతాం, ఊట కూడా ఎండలోనే పెడతాం. సాయంత్రం లోపలికి తేవడం తప్ప పనేం ఉండదు. పక్కన వడియాలు కూడా ఆరబెడితే, కాకుల కాపలా వంకతో డాబా మెట్ల నీడలో కూర్చుని రాసింది దిద్దుకోవచ్చు. నా పోయిన నవల రాతప్రతి నిండా పసుపు మరకలే.

కవిత్వం గురించి మీ మిత్రుడి మాట సగమే నిజం. పద్యంతో వచనానికి ప్రమాదం లేదు. జాషువా గబ్బిలం మధ్యాహ్నమంతా చదవండి, మర్నాడు పొద్దున అలా రాద్దామన్నా మీ వల్ల కాదు. భయపడాల్సింది మంచి వచన కవితకి. తిలక్‌నే చూడండి, అటు కథలూ రాశాడు, ఇటు కవిత్వమూ రాశాడు. ఆయన పోయిన రెండేళ్ళకి, 1968లో, అమృతం కురిసిన రాత్రి పుస్తకంగా వచ్చింది. అప్పట్నుంచి ఎంతమంది వచనంలో వెన్నెల కాస్తోందో! నాకు ప్రాణమైన పుస్తకం, అయినా నవల నడుస్తున్నన్నాళ్ళూ బీరువాలోనే ఉంటుంది. ఆ వాక్యాలు మన వాక్యాల పక్కన ఎప్పుడొచ్చి కూర్చుంటాయో తెలీదు. మా కాకినాడ కవి ఇస్మాయిల్ గారితో ఆ భయం లేదు. పొదుపరి మనిషి, ఆయన్ని చదివాక నా పేజీలో విశేషణాలన్నీ కొట్టేయాలనిపిస్తుంది.

సీసమాలిక:
పద్యంతో ప్రమాదం లేదంటే ఒప్పుకోనండి. పోతన సీస పద్యాలు వరసగా చదివి లాప్‌టాప్ ముందు కూర్చోండి, తెలుస్తుంది. సీస పాదంలో ఆరు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు. నాలుగేసి గణాలకి పాదం రెండుగా విరుగుతుంది. నా వాక్యాలూ అలాగే మధ్యకి విరిగి, రెండో సగం మొదటిదానికి వంత పాడుతుంది. సీసం చివర వచ్చే చిన్న పద్యం, ఎత్తుగీతి, ఒక్కటే తక్కువ! అందుకే నేను రాయడం అయ్యాకే పద్యాలు తీస్తాను.

ఇక తరవాణి అంటారా, హైదరాబాదు అపార్ట్‌మెంటులో ఆ వాసనకి పక్క ఫ్లాట్ వాళ్ళు వాట్సాప్ గ్రూపుకెక్కుతారు. రాత్రి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి తోడు పెట్టేయండి మాస్టారూ. పొద్దున టిఫిన్ గొడవ ఉండదు, ఎవరూ కంప్లైంట్ చేయరు.

ఖమ్మం మాస్టారు:
ఇద్దరికీ థాంక్సండి. తోడన్నం రేపట్నుంచే మొదలు. ఆవకాయ కూడా పెడదామని మా ఆవిడ ఉత్సాహపడుతోంది, మిర్చికి మా ఊళ్ళో కొదవేముంది! ఇంకొక్క సందేహం. మధ్యాహ్నం కవిత్వం పైకి చదవాలా, మనసులోనా? ఇంట్లో చిన్నపిల్ల నిద్రపోతుంటుంది.

మెట్లనీడ:
పద్యమైతే పైకే చదవండి, పిల్ల హాయిగా పడుకుంటుంది. ఇస్మాయిల్ గారిని మనసులో చదువుకున్నా చాలు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. రోళ్ళే పగులుతాయంటారు, అప్పుడు కొత్త అధ్యాయాల జోలికి పోకుండా పాతవి దిద్దుకోండి. మీ వైపు తేజ మిరపకాయ మరీ ఘాటు. ఆవకాయకి అదొక్కటే పట్టించకుండా, రంగొచ్చే రకం ఇంకోటి కలిపి మిల్లుకి పంపండి.