అప్‌డేట్: ఎంపీసీ చదివి 29 ఏళ్లకు నీట్

నిరుడు అడిగింది నేనే: ఇంటర్ ఎంపీసీ, బీటెక్, ఐదేళ్ల ఉద్యోగం, ఇప్పుడు ఎంబీబీఎస్‌కి దారి ఉందా అని. "వయసు దాటిపోయిందమ్మా" అన్నవాళ్లే ఎక్కువ. కానీ నీట్‌కి గరిష్ఠ వయోపరిమితి 2022లోనే పోయింది. నాకు అసలు అడ్డం బయాలజీ, ఎంపీసీలో అది ఉండదు కదా. ఇంటర్ పాసయ్యాక దాన్ని అదనపు సబ్జెక్టుగా రాసినా చెల్లుతుందని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో నోటీసిచ్చింది. ఆ సంగతి ఇక్కడ చెప్పినవారికి దండం. ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్) ఫీజు కట్టి, ప్రాక్టికల్స్‌తో సహా పాసయ్యాను. (ఒక కోచింగ్ సెంటర్ వాళ్లయితే ముందు లాంగ్‌టర్మ్ ఫీజు కట్టండి, అర్హత సంగతి తర్వాత చూద్దాం అన్నారు. లేచి వచ్చేశాను.)

ఫిజిక్స్ పాత చుట్టమే, పలకరించగానే గుర్తుపట్టింది. 720లో 360 మార్కులు బయాలజీవే కాబట్టి పొద్దున నాలుగు నుంచి ఏడు దాకా దానికే. జంతుశాస్త్రం కథలా సాగుతుంది. వృక్షశాస్త్రంలో కుటుంబాల పేర్లు మాత్రం రాత్రి చదివితే తెల్లారేసరికి మాయం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మూడోసారి తిప్పుతున్నా.

మొన్నటి మాక్‌లో 431 వచ్చాయి. తప్పుకి ఒక మార్కు కోత కదా, ఊహించి పెట్టినవే 38 మింగాయి. ఉద్యోగం ఇంకా మానలేదు. జనవరిలో సెలవు పెడతా. అమ్మకి చెప్పాను, నాన్నకి ఇంకా లేదు.