బయట రైడింగ్‌లో లాక్కుపోయే గుర్రానికి గట్టి బిట్ (కళ్లెంలో నోట్లో పెట్టే కడ్డీ) వేయొచ్చా, వద్దా?

చేవెళ్ల_దారి:
మా దగ్గర తొమ్మిదేళ్ల థరోబ్రెడ్ ఉంది. మలక్‌పేట రేసులు మానేశాక తీసుకున్నాం. అరీనాలో (కంచె వేసిన రైడింగ్ మైదానంలో) మామూలు జాయింటెడ్ స్నాఫిల్‌తో, అంటే మధ్యలో కీలున్న మెత్తని బిట్‌తో, చెప్పినట్టు వింటాడు. చేవెళ్ల వైపు మట్టిబాటల మీదికి తీసుకెళ్తే మాత్రం, అందులోనూ ఇంటిదారి పట్టగానే, మెడ కిందికి దించి బిట్ మీద బరువంతా వేసి లాక్కుపోతాడు. పోయిన ఆదివారం మర్రిచెట్ల మలుపులో ట్రాక్టర్ ఎదురొచ్చింది. ఆపేసరికి దాని ముందు చక్రం నా మోకాలికి మూరెడు దూరంలో ఉంది. వేళ్లు బొబ్బలెక్కాయి. పెలమ్ గానీ కింబుల్‌విక్ గానీ (గడ్డం కింద గొలుసుతో నొక్కే గట్టి బిట్లు) వేద్దామనుకుంటున్నా, కానీ మా క్లబ్‌లో ఒకాయన గట్టి బిట్ వేస్తే గుర్రం నోరు మొద్దుబారుతుంది, వద్దంటున్నారు. మీరేమంటారు?

రికాబు:
పెలమ్ వేసేయండి అన్నా. రెండు జతల పగ్గాలు పెట్టుకుంటే పై పగ్గం స్నాఫిల్‌లాగే పనిచేస్తుంది, కింది పగ్గం అవసరమైన క్షణంలోనే పట్టుకుంటారు, పని కాగానే వదిలేస్తారు. కింబుల్‌విక్‌లో ఆ సౌకర్యం లేదు, పగ్గం ఒక్కటే కాబట్టి ఎంతోకొంత కర్బ్, అంటే ఆ గొలుసు నొక్కుడు, ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. కర్బ్ చైన్ మెలికలు లేకుండా గడ్డం కింది గాడిలో చదునుగా కూర్చోవాలి, బిట్ కింది కొస 45 డిగ్రీలు వెనక్కి వచ్చాకే బిగియాలి. ఇది చూసుకోకుండా బిగించేసి పెలమ్ క్రూరమైనది అనేవాళ్లే ఎక్కువ.

జీను_పగ్గం:
నేను ఒప్పుకోను. రేసు గుర్రం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదేమిటి? జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే దాని మీద ఆనుకుని పరిగెత్తమని. మీరు ఆపమని లాగుతున్నారు, వాడికి అది పొమ్మన్నట్టు వినిపిస్తోంది. అది మార్చకుండా ఎంత గట్టి ఇనుము పెట్టినా నాలుగు వారాల్లో దానికీ అలవాటు పడతాడు. లాగి పట్టుకోకండి. ఒకసారి అడిగి, వెంటనే వదిలి, మళ్లీ అడగండి.

దానికంటే ముందు నోరు చూపించండి. మా ఆడగుర్రం ఎప్పుడూ ఎడమ పక్కకే లాగేది, పొగరనుకుని ఏడాది పాటు బిట్లు మార్చాను. చివరికి డాక్టర్ గారు నోరు తెరిపించి టార్చ్ వేసి చూపిస్తే, ఎడమ బుగ్గ లోపల రూపాయి బిళ్లంత పుండు, దాని ఎదురుగా కత్తి అంచులా పదునెక్కిన దవడ పన్ను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. పళ్లు అరగదీయించాక లాగడం సగానికి సగం తగ్గింది.

రికాబు:
నోరు చూపించాలి, అందులో రెండో మాట లేదు. కానీ మీరు చెప్పే శిక్షణకు నెలలు పడుతుంది, ఎదురొచ్చే ట్రాక్టర్ అన్నాళ్లు ఆగుతుందా? 450 కిలోల జంతువు రోడ్డెక్కి అదుపు తప్పితే దాని కాళ్లూ విరుగుతాయి, బండి మీద వచ్చే మనిషి ప్రాణమూ పోవచ్చు.

లీడ్స్‌లో_ఉన్నా:
ఇక్కడ బ్రిటన్‌లో 2022 నుంచి హైవే కోడ్‌లో (రోడ్డు నియమాల పుస్తకంలో) స్పష్టంగా రాశారు, గుర్రాన్ని దాటే వాహనం గంటకు 10 మైళ్లు మించకూడదు, కనీసం 2 మీటర్లు ఎడం ఇవ్వాలి. అయినా బయటికెళ్లేటప్పుడు మాత్రం ఒక మెట్టు గట్టి బిట్ వేసేవాళ్లు చాలామంది. అయితే తల దించి ఆనుకునే గుర్రానికి పెలమ్ వేస్తే ఇంకా కిందికే ముడుచుకోవచ్చు. అలాంటివాటికి మూడు రింగుల గ్యాగ్ వాడతారు, అది బిట్‌ని నోటి కొసల్లో పైకి జరుపుతుంది. చేతులు నెమ్మదిగా లేనివాళ్లు మాత్రం దాని జోలికి పోకూడదు.

కొత్త_సభ్యుడు:
పెళ్లి ఊరేగింపు గుర్రాలకు వేసే ముళ్ల కళ్లెం ఒక్కటి వేస్తే చాలు కదా, ఠక్కున ఆగుతుంది.

జీను_పగ్గం:
దయచేసి ఆ మాట అనకండి. బండి లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనల్లోనే ముళ్ల కళ్లేన్ని నిషేధించారు. అది వేసిన గుర్రాల నాలుకలు చీలి ఉండటం నా కళ్లతో చూశాను.

చేవెళ్ల_దారి:
అందరికీ థాంక్స్. నిన్న డాక్టర్ గారు వచ్చి చూశారు. కుడివైపు చిన్న వుల్ఫ్ టూత్ (దవడ పళ్లకు ముందు మొలిచే చిన్న పన్ను) ఉంది, బిట్ సరిగ్గా దానికే తగులుతోంది. వచ్చే వారం తీసేస్తారు. గాయం మానేదాకా కళ్లెం వేయొద్దన్నారు, కాబట్టి చేత్తో నడిపించడమే. మూడు కిలోల ఉలవలు, ఓట్స్ పెట్టి రోజుకు అరగంట పని చేయించడం కూడా నా తప్పే, దాణా తగ్గిస్తున్నా.

ఆ తర్వాత ముందు అరీనాలో స్నాఫిల్‌తో అడిగి వదలడం నేర్పిస్తా. రోడ్డు మీదికి మొదటి నెల మాత్రం పెలమ్ వేసే వెళ్తాను జీను గారూ, ఆ ట్రాక్టర్ చక్రం ఇంకా కళ్లలో మెదులుతోంది. తల మరీ ముడుచుకుంటే తీసేసి వేరేది చూస్తా. నా స్నాఫిల్ 5 అంగుళాలు, పెలమ్ కూడా అదే కొలత తీసుకోవచ్చా రికాబు గారూ?

రికాబు:
పావు అంగుళం తక్కువది కూడా పెట్టి చూడండి. పెలమ్ పెదవుల పక్కన ఆనుకుని ఉండాలి, అటూ ఇటూ జారితే కర్బ్ చైన్ గాడిలో నిలవదు.